గడ్డకు బలం

విచ్చుకున్నాయో లేదో, నిన్న సాయంత్రానికే మొగ్గల కొసలు ఎరుపు తిరిగాయి, ఇంకొక్క పూట ఎండ తగిలితే చాలు, మార్చి ఎండను నమ్మడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదని తెలిసీ టీనెకె వంటింటి కిటికీ మీది ఆవిరిని మోచేత్తో తుడిచింది, కాఫీ దిగుతోంది, కూతురు మార్లీస్ కాఫీ వేళకు వస్తానంది, ఈలోగా ఆ తులిప్‌లు పూసి తీరాలి, పూయకపోతే ఏం చూపిస్తుంది, మీ నాన్నే నాటాడే, ముందుగా పూసే రకం, వరస ఇంత కూడా వంకర పోలేదు, ఆయనకేం గుండ్రాయిలా ఉన్నాడు అని ఫోన్‌లో ఎంత ధీమాగా కోతలు కోసింది, నాటిందేమో తను, నవంబరు చలిలో మోకాళ్ళ మీద, మొగుడు హెర్బెన్ పక్కనే నిలబడి ఇదెవరి తోటే అని అడుగుతుంటే.

ఒక్క అబద్ధానికి ఎంత చాకిరీ, మంచు పడుతుందేమోనని గడ్డి కప్పడం, పొద్దున్నే తీయడం, ఆయన తలుపు తీసుకుని ఎటు పోతాడోనని చెవి అటే పడేసి పడుకోవడం, మొన్న రొట్టె కోస్తూ నిలబడే కునికింది, కత్తి వేలికి తగిలింది, అమ్మా, వారానికి రెండు రోజులు నాన్నను ఆ పెద్దవాళ్ళను చూసుకునే కేంద్రంలో దింపితే పగలంతా వాళ్ళే చూసుకుంటారు, నీకు కాస్త ఊపిరాడుతుంది అంటుంది మార్లీస్, ఆ రెండు ఏడవుతాయి, తనకు తెలియదా, అదేమిటి, పెరట్లో ఏదో టప్పుమంది, మళ్ళీ టప్పు, హెర్బెన్ కుర్చీలో లేడు.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది, పూశాయి, అన్నీ పూశాయి, ఎర్రగా దారి పొడుగునా నేల మీద పడి ఉన్నాయి, వరస చివర హెర్బెన్ నడుం వంచి, ఇన్నేళ్ళూ తులిప్ గడ్డల పొలంలో చేసినట్టే, రెండు వేళ్ళతో ఆఖరి పువ్వు తల తుంచుతున్నాడు, ఏం చేశావయ్యా, నా కొంప ముంచావు కదయ్యా అంటే తలెత్తి చూశాడు, ఎన్నాళ్ళకో ఆ పాత చూపు, ఏమిటే ఆ అరుపు, పువ్వు చూసుకుని మురుస్తుంటే కింద గడ్డ పీచైపోదూ, తల తుంచితేనే కదే బలమంతా గడ్డకు దిగేది, ఆకు ముట్టుకున్నానేమో చూడు, నిజమే, ఒక్క ఆకూ చిరగలేదు, ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ఎవరి తోట అని ఇవాళ అడగలేదు.

ఏరేయాలి, గిన్నెలో నీళ్ళు పోసి అందులో తేలేస్తే అలంకారానికి కోశాడనుకుంటుంది, వంగి ఒకటి అందుకోబోయింది, వేలికి కట్టు, దారం చుట్టినా ఉంగరం జారుతోంది, గేటు దగ్గర సైకిల్ ఆనించిన చప్పుడు, పువ్వు నిలబెట్టాలనే ఆరాటమే తప్ప కింద ఏమవుతోందో ఒక్కనాడైనా చూసుకుందా, ఈయన ఇవాళ కాకపోతే రేపు తనను కూడా ఎవరే నువ్వు అంటాడు, ఆనాటికి ఆయన్ని పట్టుకోవడానికి తనంటూ మిగలాలి కదా, అమ్మా, పూలన్నీ ఇలా అయ్యాయేమిటే అంది వెనక నుంచి మార్లీస్, టీనెకె ఏరడం మానేసి లేచి నిలబడింది, మీ నాన్న తుంచాడే, నాటింది నేను, ఇంక నా ఒక్కదాని వల్ల కాదే తల్లీ.