కళ్ళు మూసుకున్న గుమ్మడికాయ

లోర్నా టిడ్వెల్ పేజీ నాలుగంచులకూ జిగురు రాసి, ఎదుటి పేజీని దానిమీదికి వాల్చి, అరచేత్తో గట్టిగా అదిమింది. తోడేలు తన పిల్లలకు కథ చెబుతున్న బొమ్మ ఆ రెంటి మధ్యా శాశ్వతంగా మూతపడింది. జంతువులు మాట్లాడటం, ఇక్కడ చదివే పిల్లల తల్లుల్లో ఒకరైన మారిబెత్‌కు నచ్చదు. దేవుడు వాటికి మాట ఇవ్వలేదు కదా అంటుంది. బైబిల్లో బిలాము గాడిద మాట్లాడిన సంగతి లోర్నాకు గుర్తొచ్చింది గానీ, గుర్తొచ్చినవన్నీ పైకి అనే అలవాటు ఆవిడకు లేదు.

చర్చి కింద నేలమాళిగలో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. మడతబల్లలు, ఇనప కుర్చీలు, గోడ చెమ్మ వాసన, దాని మీద నిన్న రాత్రి ప్రార్థన తర్వాత పెట్టిన భోజనాల ఉల్లిపాయ వాసన. అరవై దాటిన మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు. మెడలో తాడుకి కళ్ళద్దాలు. ముఖం మీద ఒక చిరునవ్వు, తెల్లారినా ఆర్పడం మరిచిపోయిన వీధిదీపంలా. వేలికొసల మీద ఎండిన జిగురు పొరను గోటితో ఒలుచుకుంటూ ఉండటం ఆవిడకు మిగిలిన ఒకే ఒక చెడ్డ అలవాటు.

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లులు ప్రతి గురువారం ఇక్కడ చేరతారు. ఒకరు లెక్కలు చెబుతారు, ఒకరు లాటిన్ చెబుతారు. రచన లోర్నాది. రచన నేర్పడానికి ఏ పుస్తకం పెట్టాలన్నది వసంతంలో అందరూ కూర్చుని తేలుస్తారు. ఈ ఏడాదికి మూడు పుస్తకాలు తెప్పించారు. మొదటిదాంట్లో మంత్రగత్తె ఉంది. రెండోదాంట్లో కోట్ల ఏళ్ళ కిందటి రాక్షసబల్లి ఉంది. మూడోది చీపురు గురించి ఐదు వాక్యాలు రాయమనే బాపతు. తల్లులు పట్టుదలగా వెతికితే అందులోనూ అభ్యంతరాలు దొరికాయి. తల్లికి ఎదురు చెప్పిన పిల్ల, చచ్చిపోయాక గొంతు వినిపించిన తాత, ఈ తోడేలు. "లోర్నా గారు సర్దుతారులే," అంది వెర్లీన్ స్ట్రౌడ్. దాంతో మూడోది ఖాయమైంది. దాన్ని చదివిన పిల్లలు రాయగలుగుతారా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. పుస్తకంలోంచి ఏదీ బయటికి దూకకూడదు, అంతే.

సర్దడమంటే జిగురు. పిల్లలందరి పుస్తకాలూ లోర్నా తెచ్చుకుని, తల్లులు చెప్పిన పేజీలు అతికించి, చెప్పనివి కూడా ముందుజాగ్రత్తగా అతికించి ఇస్తుంది. డిసెంబరు నాటికి పుస్తకాలు అట్టపెట్టెల్లా బిగుసుకుపోతాయి.

ఆవిడ తన బతుకునూ ఇలాగే సర్దుకుంది. పెళ్ళిలో పాట పాడాలని ఉండేది, భర్త డ్వైట్ తల్లికి ఇష్టం లేదంటే మానుకుంది. నీలం రంగు వంటిల్లు కావాలనుకుంది, డ్వైట్ దగ్గర లేతగోధుమ రంగు మిగిలి ఉందంటే సరేనంది. డ్వైట్ ఊళ్ళ వెంట గ్యాసు లారీ తోలుతాడు. పొద్దున్నే తలుపు దగ్గర రోజూ చెప్పే మాట ఒకటే: "ఎవరితోనూ పేచీ పెట్టుకోకు." పేచీ అంటే ఏమిటో తెలియని మనిషికి ఆ హెచ్చరిక ఎందుకో దేవుడికే తెలియాలి. ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే చదివించింది. వాళ్ళు ఒక్క తప్పు మాట రాయలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అది నిజమే. వాళ్ళు ఏ మాటా రాయలేదు. క్రిస్మస్‌కి ముగ్గురి నుంచీ అచ్చు వేసిన కార్డులు వస్తాయి, అడుగున సంతకం ఉంటుంది. గురువారం ఈ నేలమాళిగలో తప్ప ప్రపంచంలో ఆవిడను టీచరని పిలిచే చోటు ఇంకొకటి లేదు.

పిల్లలు మెట్లు దడదడలాడించుకుంటూ దిగారు. పోయిన వారం ఇచ్చిన పని 'కళ్ళారా చూసినదాన్ని వర్ణించండి'. ఆ మాటల మీద లోర్నా తెల్లకాగితం పట్టీ అంటించి 'వంటింటి సొరుగులో ఉన్నదాన్ని' అని మార్చింది. రాసినదాంట్లో వర్ణించే మాట కింద ఎర్రగీత, ఎలా జరిగిందో చెప్పే మాట కింద నీలిగీత, పోలిక కింద పచ్చగీత ఉండాలి. మూడు రంగులూ కనబడితే చాలు, చదవనక్కర్లేదు. వెర్లీన్ కొడుకు టైటస్ కాగితం అందరికంటే పైన ఉంది. 'మా చెంచా మెరిసే చెంచా. అది అందంగా మెరుస్తుంది. అది నక్షత్రంలా మెరుస్తుంది.' లోర్నా పక్కన నవ్వుముఖం గీసింది.

అట్టడుగున డెస్సా మేబ్రీ కాగితం ఉంది. ఏ రంగూ లేదు.

ఆ పిల్లకు పదకొండేళ్ళు. తండ్రి హార్లన్ వాగు అవతల పందుల్ని పెంచుతాడు. తల్లి లేదు. గుంపులో చేరి నెలే అయింది. పుస్తకం తండ్రి వేరేచోట కొన్నాడు, దాన్నింకా ఎవరూ అతికించలేదు. కాబట్టి కళ్ళారా చూసినదే రాయమన్నారని పిల్ల నమ్మింది.

'నాన్న పంది చెవి వెనక గోకాడు. దానికది ఇష్టం. కళ్ళు మూసుకుంది. అప్పుడే కాల్చాడు. కింద పడ్డాక కూడా దాని కాళ్ళు ఎక్కడికో నడుస్తూనే ఉన్నాయి. అవి ఆగేదాకా నాన్న టోపీ తీసి పట్టుకున్నాడు. తర్వాత నీళ్ళు మరిగాయా చూడమన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. నేను చూశాను గానీ, నీళ్ళు కాదు చూసింది, ఆయన చేతిని.'

లోర్నా కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. క్లాసులో ఎవరో ఎవరి తల మీదో పుస్తకంతో మొత్తారు. వినబడలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పిల్ల రాసినదాన్ని ఆవిడ చదివింది. లోపల ఏదో కదిలింది. ఆవిడకు వెంటనే భయం వేసింది.

మధ్యాహ్నం భోజనాలకు అందరూ తెచ్చినవి బల్ల మీద వరసగా పెట్టారు. వెర్లీన్ కంచం పట్టుకుని వచ్చింది. ఆరుగురు పిల్లల తల్లి, నిటారు మనిషి. జుట్టు ఎంత గట్టిగా ముడేస్తుందంటే కనుబొమలు ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాయి.

"ఏంటి సిస్టర్, మావాడేదో అంటున్నాడు? ఆ పిల్ల పందిని చంపడం గురించి రాసిందటగా?"

"ఆ… రాసింది. చూసిందే కదా అని…"

"చూసినవన్నీ రాసేస్తామా? నేను ఆరుగుర్ని కన్నాను. రాశానా?"

"లేదు, లేదు."

"పాపం మావాడు బెదిరిపోయాడు." ఆమె వెనక టైటస్ రొట్టెముక్కతో కంచం తుడుచుకుని తింటున్నాడు. "రెండింటికి పిల్లలు తల్లులందరి ముందూ చదువుతారు. అది అలాగే చదివిందనుకోండి, వచ్చే ఏడాది క్లాసు గురించి నేను మాటివ్వలేను. మారిబెత్ చెల్లెలు కూడా ఈ క్లాసు అడుగుతోంది. కాలేజీ చదివింది కదా."

"సర్దుతాన్లే, సిస్టర్."

"అందుకే మీరంటే నాకిష్టం." వెర్లీన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు సగం మూసింది. "ఈ సాసేజి ఎవరు తెచ్చారు? భలే ఉంది."

"హార్లన్ పంపాడు. వాళ్ళ పందే."

వెర్లీన్ క్షణం నమలడం ఆపింది. "మనిషి మొరటు గానీ చేతిలో రుచి ఉంది," అని ఇంకో రెండు ముక్కలు వేసుకుంది.

లోర్నా సామాన్ల గదిలో, టమాటా డబ్బాల మధ్య నిలబడి పని మొదలుపెట్టింది. పిల్లకు నచ్చజెప్పవచ్చు. వెర్లీన్‌తో ఒక్కమాట అనవచ్చు. రెంటికీ నోరు కావాలి. జిగురుకి అక్కర్లేదు. పంది అన్న ప్రతిచోటా పట్టీ అంటించి గుమ్మడికాయ అని రాసింది. చెవి వెనక కాస్తా తొడిమ వెనక అయింది. కాల్చాడు అన్నది కోశాడు అయింది. కాళ్ళు తీగలయ్యాయి. చేతిని చూశానన్న వాక్యం ఎందుకో ఇబ్బంది పెట్టింది, దాన్ని పూర్తిగా మూసేసింది. నీలం రంగు కోసం ఒకచోట 'సంతోషంగా' అని ఇరికించింది. తర్వాత చదివి చూసుకుందా అంటే, లేదు. రంగులు చూసుకుంది.

రెండింటికి తల్లులు వరసగా కూర్చున్నారు. మెట్ల దగ్గర హార్లన్ మేబ్రీ వచ్చి నిలబడ్డాడు, కూతుర్ని తీసుకెళ్ళడానికి. బూట్లు బయటే విడిచాడు, మేజోడు బొటనవేలు దగ్గర చిరిగి ఉంది. మారిబెత్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

డెస్సా కాగితం అందుకుని లేచింది.

"నాన్న గుమ్మడికాయ తొడిమ వెనక గోకాడు. దానికది ఇష్టం. అది సంతోషంగా కళ్ళు మూసుకుంది…"

ఆగింది. పట్టీని వేలితో తడిమింది.

"చదువమ్మా," అంది లోర్నా.

"గుమ్మడికాయ కళ్ళు మూసుకోవడం నేను చూడలేదు, మిస్ లోర్నా. మీరు చూశారా?"

పిల్లలు గొల్లుమన్నారు. టైటస్ రెండు అరచేతులూ బుగ్గలకు ఆనించి గుమ్మడికాయలా కళ్ళు మూశాడు. తల్లులు నవ్వలేదు. హార్లన్ ముందుకు నడిచి వచ్చి కూతురి చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక పట్టీని గోటితో లేపబోతే దాని కింది మాటలు కూడా చిరిగి వచ్చాయి. ఇక రెండోదాని జోలికి పోలేదు.

"ఇంట్లో చదివి వినిపించింది నాకు," అన్నాడు నెమ్మదిగా. "మేడమ్, ఒక్కటి చెప్పండి. పిల్ల రాసింది బాగుందా, బాలేదా? తెలీక అడుగుతున్నా. నేను రాసే రకం కాదు. మీరు బాగుందంటే ఎవరేమన్నా సరే, వారం వారం తీసుకొస్తాను."

బాగుందన్న మాట లోర్నా గొంతు దాకా వచ్చింది. మూడక్షరాల పొడుగు మాట. ఆవిడ వెర్లీన్ వైపు చూసింది. వెర్లీన్ ఇటు చూడనే లేదు. చిన్నపిల్ల జడ సరిచేస్తోంది. అంత తీరుబడిగా, అంత నమ్మకంగా. డెస్సా లోర్నా నోటినే చూస్తోంది.

"రంగులు వేయలేదండీ," అంది లోర్నా. "మూడు రంగులూ ఉండాలి."

హార్లన్ తల ఆడించాడు. "ఓహో. రంగులా." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు. "పద తల్లీ. ఇంటికెళ్ళి చదువుకుందాం."

"వచ్చేవారం రావద్దా నాన్నా?"

"వద్దులే."

పిల్ల ఏడవలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూ లోర్నా వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు. ఖాళీ డబ్బా మూత తెరిచి చూసినవాళ్ళు మళ్ళీ మూసేస్తారే, అలా చూసింది. పైన తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. తర్వాత హార్లన్ బండి కదిలింది.

టైటస్ చెంచా గురించి చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లోర్నా కూడా కొట్టింది, రెండు చప్పట్లు ఎక్కువే కొట్టింది. వెళ్ళేటప్పుడు వెర్లీన్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడాదికి మీరే, సిస్టర్. ఈసారి ఇంకా తేలిగ్గా ఉండే పుస్తకం చూద్దాం," అంది. లోర్నా సరేనంది. పోగొట్టుకోకూడదనుకున్నది పోలేదు. టీచరన్న పిలుపు భద్రంగా ఉంది, ఈ చెమ్మగోడల మధ్య, ఇంకో ఏడాది, బహుశా చచ్చేదాకా.

అందరూ వెళ్ళాక కుర్చీలు ఒక్కొక్కటీ మడిచి గోడకి చేర్చింది. బల్లలు తుడిచింది. కిటికీ పక్కన డెస్సా కూర్చున్న కుర్చీ మడవబోయి ఆగింది. కిందపడి చక్రంలా దొర్లిపోకుండా, సీటు మీద ఒక పెన్సిలు బల్లపరుపుగా పడి ఉంది. వడ్రంగులు వాడే వెడల్పాటి ఎర్ర పెన్సిలు. మొన మిషనుతో చెక్కింది కాదు, కత్తితో ఎవరో ఓపిగ్గా, నాలుగు పలకలుగా చెక్కారు. వెనక చివర చిన్న పంటిగాట్లు ఉన్నాయి, నడుమ ఎర్రరంగు చెమటకి పోయి కర్ర బయటపడింది, ఇంకా రాయడానికి బెత్తెడు మిగిలి ఉంది.