మోతాదు తప్పిన యుదయము

వానకారు తొలిజల్లులకు దడిసిన కొండ నల్లగా మెఱయుచు దాని పాదమున ధూసరవర్ణసముద్రము పొరలి పొరలి నురుగు చిమ్ముచుండగా నీటియావిరితో బరువెక్కిన ప్రాతఃకాలపుగాలి యా వైద్యపరిశోధనాలయపు కిటికీయద్దములను మసకపఱచుచుండెను. ఆ మసకవెలుతురున శిశువిభాగములో నెనిమిదేండ్ల తరళ కన్నులు గట్టిగా మూసికొని తల్లి మోచేతిని గోళ్లు దిగునట్లు పట్టుకొని మూలుగుచుండెను.

ఆ బాలిక మెదడు మూలమున మొలిచిన కణితి శస్త్రమునకు లొంగునది కాదు. కిరణచికిత్సకు గొంత యణగియు మరల విజృంభించెను. అప్పుడు ఆచార్య దివాకరరావు కనిపెట్టిన క్రొత్తమందును తన బిడ్డపై పరీక్షించుటకు బడిపంతులమ్మ యగు హైమవతి సమ్మతించెను. తన కూతురు దక్కకున్నను మఱియొక తల్లి కూతురు దక్కునేమో యను తలంపును ఆమెకు లేకపోలేదు.

"అమ్మా, ఆ చేదుమందు ఇయ్యమనవే" అని తరళ గొణిగెను.

నొప్పి నణచు నా మందు తెల్లవాఱగనే వచ్చుట వాడుక. ఆచార్యుడు తన మందు ఫలితమును విద్వాంసులకు సభలో జూపదలచిన నాడు మాత్రమది రాలేదు. నర్సు నేలచూపులు చూచుచు "సభ అయ్యాక ఇమ్మన్నారండీ టీచరుగారూ. పాప మగతగా ఉంటే బాగోదట" అనెను.

వ్రాతలో దప్పులు చేసిన పిల్లలపై సయితము గొంతెత్తి యెఱుగని హైమవతి బిడ్డ తలను తన యొడికి జేర్చుకొనెను. బాగోదట యను నా మాట మాత్రము నోట జిక్కిన వెండ్రుకవలె నామెను వదలకుండెను. "సలోమి డాక్టరుగారికి చెప్పండమ్మా" అని నొప్పిమందు నిచ్చు నా వైద్యురాలి కొఱకు మాత్రము నర్సును వేడి చక్రపుకుర్చీలో బిడ్డను సభకు దీసికొనిపోయెను. తీసికొనిపోకుండ నుండవలసినదని యామెకు దరువాత దోచెను.

సభాభవనమున తెరపై తరళ మెదడు చిత్రములు రెండు వెలుగుచుండెను. మొదటిదానిలో నిమ్మకాయంత యున్న కణితి రెండవదానిలో నుసిరికాయంత యయ్యెను. విద్వాంసులు కరతాళధ్వనులు సలిపిరి. ఒక్కొక్క చప్పట్లమ్రోతకు తరళ భుజములు ఉలికిపడుచుండెను గాని తెరనుండి కన్ను మరల్చి యామెను జూచినవారు లేరు.

పిదప దివాకరరావు పట్టుశాలువయు నేలసంపెంగల దండయు గైకొని బాలికను సమీపించెను. పరిమళము సోకినంతనే తరళకు గడుపులో దిప్పునని తల్లి యెన్నడో పూవులు ముడుచుట మానియుండెను.

"దండ వద్దండీ! వాసన పడదు."

"మన సంప్రదాయం కదమ్మా! ఇంత ధైర్యవంతురాల్ని ఉత్తచేతుల్తో పంపిస్తామా?"

శాలువ భుజములపైనను దండ మెడలోను బడెను. మఱునిమిషమున బాలిక డోకుకొని దండపైనను శాలువపైనను దివాకరరావు బూటుపైనను వాంతి చేసికొనెను. ఆచార్యుడు వెనుకకు గెంతి ముందుగా తన బూటును దులుపుకొని పిదప ఛాయాగ్రాహకునితో "అది తీయకయ్యా" అనెను. ముందువరుసలోని యొక పెద్దమనిషి అత్తరురుమాలు ముక్కున నదుముకొనెను.

హైమవతికి రోత పుట్టెను. వాంతిని జూచి కాదు. దానిని దోసిళ్లతో నెత్తిపోసినది తానే. ఆ బూటును దులుపుకొను తీరును, ఆ రుమాలును, కుర్చీని నెట్టుకొనివచ్చిన తన చేతులను జూచి యామె యసహ్యించుకొనెను. దండ తీసివేసి శాలువతో బిడ్డ మూతి తుడిచి దానిని మడతపెట్టి యాచార్యుని ముందఱి బల్లపై నుంచెను.

"మీ మందు మంచిదే కావచ్చు సార్. కానీ మీ సభ బాగుండాలని నా పిల్లకి నొప్పి ఉంచారు. ఇక చాలు, మానేస్తున్నాం."

"ఇప్పుడు మానేస్తే ఇన్నాళ్ల ఫలితం ఏం కావాలమ్మా?"

"ఆ ఫలితమేనండీ, మీ బూటు మీద పడింది."

అంతలో నర్సు వెంట బాధోపశమనవైద్యురాలైన సలోమి మందుగిన్నెతో వచ్చి యెవరి యనుమతియు గోరక మోకాళ్లపై గూర్చుండి బిడ్డచే ద్రాగించెను.

"చేదుగా ఉందా బంగారం?"

"ఉంది. రేపు కూడా ఇస్తావా డాక్టరమ్మా?"

"ఇంటికే పంపిస్తాగా. పొద్దున్నే, మీ అమ్మ చేత్తో."

వరండాలో వాన వినబడుచుండెను. లోపల తెరపై రెండు చిత్రములును వెలుగుచునే యుండెను. శాలువను ముట్టువారు లేరు. మందు ద్రాగుచు మరల తల్లి మోచేతిని బట్టుకొన్న తరళ వ్రేళ్లు కొంతసేపటికి మెల్లమెల్లగా సడలెను. వ్యాధిని గొలుచుట విద్యయే గాని వ్యాధితో నున్న బిడ్డను జూడనేరని విద్యకు గన్నులు లేవు. ఆ యుదయపు పరిశోధనలో దేలిన నిజము తెరపై లేదు. నెత్తురు చిమ్మిన నాలుగు గోళ్లగుర్తులై హైమవతి మోచేతిపై నుండెను.