మాట పూర్తయ్యేదాకా

"అక్కా, నన్ను" అని మిషను ఆగింది. తర్వాతి అక్షరం కోసం మంచంలో ఉన్న బస్సు డ్రైవరు వేలు దాని అద్దం మీద పాకుతోంది. సరిగ్గా అప్పుడే భుజానికి పెద్ద సంచీ తగిలించుకున్న మనిషి ఒకడు వచ్చి, మంచం కమ్మీకి మిషనును బిగించిన మరలు విప్పసాగాడు.

వార్డంతా చూసింది. ఎవరూ అడ్డం రాలేదు. అక్క కూడా రాలేదు. పొద్దంతా బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి, అటునుంచి అటే ఆస్పత్రికి వచ్చి, స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతోంది. తుళ్ళిపడి కళ్ళు తెరిచేసరికి మిషను సంచీలో ఉంది.

"ఏంటయ్యా అది? వాడు మాట్లాడుతున్నాడు కదా."

"ఇది బీమావాళ్ళదమ్మా. ఆస్పత్రిలో చేరినవాళ్ళకు అద్దె కట్టరంట. వెనక్కి తెమ్మన్నారు."

"ఆ మాటొక్కటి పూర్తి కానియ్యి."

"ఇంకా చాలా వార్డులు తిరగాలమ్మా. నాదేముంది, కాంట్రాక్టు కూలీని."

అతను వెళ్ళిపోయాడు. అద్దం పోయినా డ్రైవరు వేలు దుప్పటి మీద కదులుతూనే ఉంది.

ఒకప్పుడు ఆ డ్రైవరు హారన్ ముట్టుకోకుండా నోటితోనే రోడ్డు ఖాళీ చేయించేవాడు. నరాల జబ్బు ముందు నాలుకను పట్టింది. తర్వాత కాళ్ళు, చేతులు. చివరికి ఒక్క చూపుడు వేలు మిగిలింది. బీమా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే మాట్లాడే మిషను ఇచ్చారు. ముసలివాళ్ళకైనా పిల్లలకైనా అందులో ఒకటే గొంతు. ఎవరో అమ్మాయిది, మహా మర్యాదగా ఉంటుంది. మీసాల డ్రైవరు ఆ గొంతుతో పలకరిస్తే తోటి డ్రైవర్లు పడిపడి నవ్వారు.

"ఏమ్మాయ్, నీకు బస్సు తోలడం ఎవరు నేర్పారు?" అని ఏడిపించారు.

డ్రైవరు వేలు చాలాసేపు పాకింది. వాళ్ళంతా ఆగారు. "మీ అయ్య" అంది మిషను, అంతే మర్యాదగా. ఆగి మరీ తిట్టు తిన్నారు.

ఇప్పుడు ఆ తిట్టు కూడా లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక అక్క ఒక ఉపాయం చేసింది. "నేను అక్షరాలు చదువుతాను, నీకు కావలసింది రాగానే రెప్ప వెయ్యరా" అంది. రెండో అక్షరం దగ్గరే "ఇంటికా? ఆ రోజు ఆస్పత్రిలో ఇంటికి తీసుకెళ్ళమనబోయావా?" అనేసింది. డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మర్నాడూ అంతే. ఎంత ఆపుకున్నా ఆమె నోరు ముందుకే పరుగెత్తేది. ఆ తర్వాత అతను రెప్ప వేయడమే మానేశాడు.

మిషను తిరిగి ఇవ్వమని అడగడానికి ఒక పూట పని వదులుకుని అక్క బీమా ఆఫీసుకు వెళ్ళింది. అధికారి మంచిగానే మాట్లాడాడు.

"ఇవ్వాలంటే అవసరం ఉండాలి కదమ్మా. మావాళ్ళు ఫోను చేసినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నానండీ?"

"'వాడి కళ్ళు చూస్తే చాలు, వాడికేం కావాలో నాకు తెలిసిపోతుంది' అన్నావు. అంత చక్కగా అర్థమవుతుంటే ఇంక మిషనెందుకు?"

నిజమే, అక్క ఆ మాట అంది. ఫోనులో ఎవరో మర్యాదగా అడిగితే పొంగిపోయి అంది. ఆ ప్రేమనే తాడు పేని తమ్ముడి గొంతుకు బిగించారు.

సెలవు రోజున సైకిలు షాపు వెనక గదిలో ఇలా మిషన్లతో మాట్లాడేవాళ్ళు కలుస్తారని బస్సుల యూనియన్ పెద్దాయన చెప్పాడు. అక్క తమ్ముడి కుర్చీబండి తోసుకుంటూ వెళ్ళింది. టైర్ల వాసన, నూనె మరకలు, గోడకు వేలాడే గొట్టాలు. ఆ గదిలో కట్టుబాటు ఒక్కటే: ఒకరి మాటను ఇంకొకరు పూర్తి చేయకూడదు. అందుకే అక్కడ మీటింగంటే సగం మౌనమే. టీచరమ్మ అని అందరూ పిలిచే ఆవిడదే పెద్దరికం. గొంతుకు ఆపరేషనై మాట పోయినా, ఎవరైనా తొందరపడితే అరచెయ్యి ఎత్తి ఆపుతుంది.

"ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు యూనియన్ పెద్దాయన.

మూలనుంచి చిట్టి అనే అమ్మాయి మిషను పలికింది. చిట్టికి పుట్టుకతోనే మాట లేదు. కాలి బొటనవేలితో మీట నొక్కుతుంది. "పెట్టండి. వాళ్ళకు చిత్తు కాగితాలు తక్కువయ్యాయి."

గదంతా నవ్వింది. అక్క నవ్వలేకపోయింది.

"అర్జీలెందుకు. తప్పు నాది. వాడి మనసు నాకు తెలుసని నేనే అన్నాను. నా నోటితో నేనే వాడి నోరు మూశాను."

చిట్టి కాలు మళ్ళీ మీట మీదికి వెళ్ళింది. అందరూ ఆగారు. అక్క ఆగలేకపోయింది.

"తిడతావా? తిట్టు తల్లీ, పడతాను."

టీచరమ్మ అరచెయ్యి లేచింది. అక్క నోరు మూసుకుంది. బయట ఎవరో చక్రానికి గాలి కొట్టించుకుని వెళ్ళిపోయారు. అప్పటికి పూర్తయింది చిట్టి మాట.

"మా అమ్మ కూడా అదే అంది. టీచరమ్మ కొడుకూ అదే అన్నాడు. మా మిషన్లూ తీసుకుపోతామని కాగితాలొచ్చాయి. ఇంట్లోవాళ్ళెవరైనా అదే అంటారు. అలా అంటారని తెలిసే బీమావాళ్ళు ఫోను చేసి అడుగుతున్నారు. నీ తప్పు కాదక్కా. అది వాళ్ళ వల."

అక్క ఆ గదిలోని తల్లుల వంక, కొడుకుల వంక చూసింది. ఒక్కొక్కరే తల ఊపారు. ఎవరి తప్పు వాళ్ళు ఒంటరిగా మోసుకుని తిరుగుతున్నారు ఇన్నాళ్ళూ.

"అయితే ఆఫీసుకు ఒక్కొక్కరం ఎందుకు పోవాలి?" అంది అక్క నెమ్మదిగా.

ఫిర్యాదులు వినే రోజున అందరూ కలిసే వెళ్ళారు. కుర్చీబండ్లు, కర్రలు, యూనియన్ పెద్దాయన వెంట డ్యూటీ దిగిన డ్రైవర్లు, అక్క వెంట కాలర్లు కుట్టే ఆడవాళ్ళు. ఎవరి ముఖంలోనూ ఉత్సాహం లేదు. అలసిపోయే వచ్చారు. అలసిపోయినవాళ్ళు రాకపోతే ఇంకెవరొస్తారు?

"మనిషికి రెండు నిమిషాలు" అన్నాడు అధికారి.

టీచరమ్మ మెడలోని మిషను తీసి డ్రైవరు వేలి కింద పెట్టింది. తన మాట అతనికిచ్చి తాను ఊరుకుంది. హాలంతా ఆ వేలినే చూసింది. అధికారి రెండుసార్లు గడియారం చూశాడు.

"అక్కా, నన్ను" అంది మిషను.

"ఆగండాగండి. ఒకరి మిషను ఇంకొకరు వాడకూడదు. రూలుంది. తియ్యవయ్యా అది."

సంచీ మనిషి ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. వచ్చి తీశాడు. సంచీలో వేసుకున్నాడు. వేలు కుర్చీ చేతి మీద మిగిలింది.

అధికారి అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆయనేమనబోతున్నాడో నువ్వే చెప్పెయ్. రాసుకుంటాం. అందరం ఇళ్ళకు పోదాం. నీకు తెలుసుగా."

అక్క కాళ్ళు లాగుతున్నాయి. ఏదో ఒకటి చెప్పేస్తే చాలు. నన్ను ఇంటికి తీసుకెళ్ళు. నన్ను వదిలేసి కాసేపు పడుకో. నన్ను బతకనియ్యి. నన్ను పోనియ్యి. రోజూ రాత్రి ఆ మాట చివర ఏదో ఒకటి తగిలించుకునే నిద్రపోయేది. తమ్ముడి కళ్ళలోకి చూసింది. జీవితంలో మొదటిసారి అందులో ఏముందో వెతకలేదు.

"నాకు తెలియదండీ."

"తెలియదా?"

"తెలియదు. వాడింకా చెప్పలేదు."

అని డ్రైవరు కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. కుట్టుపని ఆడవాళ్ళు కూర్చున్నారు. డ్రైవర్లు గుమ్మంలో కూర్చున్నారు. అధికారి పోలీసులకు ఫోను చేశాడు. ఫోను పెట్టేసి సంచీ మనిషితో, "అది తీసుకెళ్ళి బండిలో పెట్టు" అన్నాడు.

సంచీ మనిషి గుమ్మం దాకా వెళ్ళాడు. కూర్చున్నవాళ్ళను దాటాలంటే తొక్కుకుంటూ పోవాలి. "లేవండన్నా" అన్నాడు.

"మాట పూర్తి కాలేదు తమ్ముడూ" అన్నాడు పెద్దాయన.

అతను వెనక్కి తిరిగి చూశాడు. డ్రైవరు వేలు కుర్చీ చేతి మీద కొద్దికొద్దిగా కదులుతోంది, ఆ రోజు దుప్పటి మీద కదిలినట్టే. అతను నాలుగడుగులు వెనక్కి వచ్చి సంచీ దించి నేల మీద పెట్టాడు. మిషను తీసి ఇవ్వలేదు. మోసుకుపోనూ లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కింద జీపు ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఎవరూ లేవలేదు. అక్క చెయ్యి చాచి సంచీ దగ్గరికి లాక్కుంది, జిప్పు తీసింది, మిషనును తమ్ముడి వేలి కింద పెట్టింది.

చిట్టి కాలు మీట మీద కదిలింది. బూట్లు గుమ్మం చేరేలోపు ఆ మర్యాదైన గొంతు హాలులో వినిపించింది.

"నిదానంగా చెప్పన్నా. మేం ఇక్కడే ఉంటాం."