తలుపు తెరిచిన పదకొండు నిమిషాలు

ఆ ఉదయం బయల్దేరేటప్పటికి డ్రైవరు చేతిలో ఉన్నవి ఎనభై రెండు పెట్టెల సూదిమందు, తొమ్మిది గంటల దారి, రెండు ఎర్ర గుర్తులు. మూడోది పడితే బండి దిగాలి. యాభై ఏడేళ్లవాడికి కొత్తగా స్టీరింగు అప్పగించే ఆసామి ఎక్కడా లేడు. ఆ సంగతి అతని భార్యకూ తెలుసు.

"ఇవాళైనా నీ పెద్దరికం పక్కన పెట్టు," అంది గుమ్మంలో. "అన్నీ చూసుకోవడానికి ఆ యంత్రం ఉందిగా. నువ్వు తోలితే చాలు."

యంత్రం అరచెయ్యంత ఉంటుంది. బండి చల్లగదిలో ముందు గోడకు, చలిగాలి వచ్చే చోటే బిగించారు. బండి ఎక్కడుంది, లోపల ఎంత చలి, తలుపు ఎంతసేపు తెరిచారు, అన్నీ నిమిషానికోసారి ఆఫీసు తెరకు చేరవేస్తుంది. మేలు లేకపోలేదు. దొంగతనాలు ఆగాయి. చలి మిషను ఆపేసి డీజిలు మిగుల్చుకునే ఘనులు దారికొచ్చారు. కానీ మనిషి ఎందుకు ఆగాడో దానికి అక్కర్లేదు. సీసాలు పగులుతాయని గుంతల రోడ్డు వదిలి చుట్టు తిరిగినందుకు ఒక గుర్తు, నిద్ర ముంచుకొస్తుంటే అరగంట పక్కకి ఆపినందుకు ఇంకొకటి పడ్డాయి.

పందొమ్మిదో ఏట మంచు దిమ్మలు మోసే కూలీగా మొదలయ్యాడు. ఎడమ అరచెయ్యి అప్పుడే మొద్దుబారింది గానీ, చలి ఎంతో చెప్పడం మాత్రం మానలేదు. రెండు గంటలకోసారి దిగి వెనక తలుపు అంచు రబ్బరు మీద చెయ్యి ఆనించి చూస్తాడు. మధ్యాహ్నం చూస్తే రబ్బరు గోరువెచ్చగా తగిలింది.

ఎందుకో తెరవకుండానే అర్థమైంది. లోడింగువాళ్లు తొందరలో పెట్టెలు కప్పుదాకా పేర్చేశారు. ముందు గోడ నుంచి చలిగాలి వెనక్కి రావడానికి సందు లేదు. ఆఫీసులో తెర చూసే అమ్మాయికి ఫోను చేశాడు.

"ఇక్కడ నాలుగు డిగ్రీలే మామయ్యా. అంతా పచ్చగా ఉంది."

"అది ముందు గోడ మాటమ్మా. వెనక వేడెక్కుతోంది. నా చెయ్యి చెబుతోంది."

"మీ చేతికి సిగ్నలు లేదు కదా మామయ్యా," అని నవ్వి, గొంతు తగ్గించింది. "తలుపు మూడు నిమిషాలు దాటితే ఎర్ర గుర్తు దానంతటదే పడిపోతుంది. నేను ఆపలేను. అలాగే తోలుకెళ్లండి. సరుకు పాడైనా మీ మీదికి రాదు."

అంతకంటే లాభసాటి సలహా ఉండదు. అతను కాసేపు టైరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. వేడెక్కిన సూదిమందు రంగు మారదు, వాసన రాదు. ఎవరి ఒంట్లోకో వెళ్లాక, జబ్బు తగ్గకపోతే గానీ తెలియదు.

తలుపు తీశాడు. పై వరుస దించి వెనక ఖాళీలో సర్దాడు. నడుమ జానెడు సందు చేసి, కుదుపులకు పెట్టెలు మళ్లీ కలుసుకోకుండా చేతికి దొరికినవి అడ్డుపెట్టాడు. సీటులో ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు. పదకొండు నిమిషాలు పట్టింది.

సాయంత్రం గిడ్డంగిలో స్టోర్‌కీపరు పెట్టెల మీది చీటీలు చూశాడు. వేడి తగిలితే అవి రంగు మారతాయి. నాలుగు మారబోయి ఆగాయి.

"ఇంకో గంటైతే పోయేవన్నా. మీవాళ్లకి రాస్తానుండు."

తలుపు ఎందుకు తెరిచారో ఆఫీసుకు చెప్పాలంటే ఫోనులో మూడే కారణాలు ఉన్నాయి: ప్రమాదం, చోరీ, తనిఖీ. స్టోర్‌కీపరు ప్రమాదం నొక్కబోయాడు.

"ఆగు తమ్ముడూ. బండికి గీత కూడా పడలేదు. నాతోపాటు నీకూ ఎసరు పెట్టుకుంటావా?"

మూడో గుర్తు పడింది, తాళం అక్కడే ఇచ్చెయ్యమని ఆఫీసు నుంచి అప్పటికే కబురొచ్చింది. ఆఖరి పెట్టె దిగేదాకా నిలబడి, తాళం బల్ల మీద పెట్టి, బస్సు కోసం నడిచి వెళ్లిపోయాడు. ఎక్కించినవి ఎనభై రెండు. దించినవి ఎనభై రెండు. పాడైనవి లేవు. ముప్పై ఎనిమిదేళ్ల పనికి అతను వెంట తీసుకెళ్లింది ఆ లెక్కే.

బండి తలుపు వెయ్యబోయిన స్టోర్‌కీపరు లోపలికి తొంగిచూశాడు. పెట్టెల నడుమ సందు ఉండిన చోట, అడ్డుపెట్టిన డ్రైవరు అన్నం క్యారేజీ, మూత తీయకుండానే, ముట్టుకుంటే జిల్లుమనేంత చల్లగా నిలబడి ఉంది.