వంటింటి లైను

గోడకి బెజ్జం పడితే గాని నా మనసు కుదుటపడేలా లేదు. లైన్‌మన్ ఏమో తీరిగ్గా పాత కేబుల్ ఒలిచి చూపిస్తున్నాడు.

"దీన్లో నాలుగు తీగలున్నాయమ్మా. రెండే వాడుతున్నారు. కొత్త లైను మిగతా రెంటి మీద ఇచ్చేస్తే గోడ చెడదు."

"ఒకదాని మాటలు ఇంకోదాన్లో వినబడవూ?"

"ఎప్పుడైనా, కాస్త."

"కాస్త కూడా వద్దు. వేరే కేబుల్ లాగు."

మా ఆయన వకీలు. ఉన్న ఒక్క లైనూ కక్షిదారులతో ఎప్పుడూ ఎంగేజే. అందుకే ఇంటికని రెండోది. నా తొందర మాత్రం వేరు. మొగుణ్ణి వదిలి వచ్చేయాలా వద్దా అన్నది ఇవాళ తేల్చుకుని కొత్త నంబరుకి చెప్తానంది మా చెల్లి. "ఇంకో చెవిన పడిందో, మళ్ళీ నోరు విప్పను" అని కూడా అంది.

డ్రిల్లు ఆగింది. "పెద్దమ్మగారి గదిలో ప్యారలల్ పెట్టేయనా?" లైన్‌మన్ అడిగాడు.

అత్తయ్య లెక్కల టీచరుగా రిటైరైంది. "శుభ్రంగా పెట్టు నాయనా. ప్యారలల్ అంటే ఎంత దూరం పోయినా కలవవు. ఈవిడ గుట్టు ఈవిడది, నా గుట్టు నాది."

"మీకేం గుట్టుంది అత్తయ్యా?"

"ఉంటే నీకు చెప్తానా?"

నవ్వాను గాని చూపంతా ఫోను మీదే. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. అత్తయ్య గదిలో పని ముగించి లైన్‌మన్ అటు వెళ్ళాడో లేదో, మోగింది.

"అక్కా, పెట్టె సర్దేశాను. కాళ్ళే కదలట్లేదు. మీ ఇంట్లో ఏమంటారో..." ఏడుస్తోంది చెల్లి.

ఆ ఏడుపు వెనక ఫ్యాను కిర్రుమంటోంది. అత్తయ్య గదిలో ఫ్యాను! ఒకే లైనుకి రెండు ఫోన్లు తగిలించడాన్నే వీళ్ళు ప్యారలల్ అంటారని అప్పుడు వెలిగింది నాకు. చెల్లిని ఆపితే మళ్ళీ చెప్పదు. ఆపకపోతే మోసం. నేను తేల్చుకునేలోపే అత్తయ్య గొంతు.

"ఏమంటాం? వచ్చేయమంటాం. ఏ బస్సుకి?"

టక్కున కట్టయింది.

పరుగెత్తాను. అత్తయ్య రిసీవరు పట్టుకుని తెల్లమొహం వేసుకుని కూర్చుంది. "నాకే మోగిందనుకున్నానే. తీస్తే ఆ పిల్ల ఏడుపు. పెట్టేయడానికి చెయ్యి రాలేదు."

"ముందది పెట్టేయండి. లేకపోతే చెల్లికి లైను దొరకదు."

పెట్టేసింది. మంచం అంచున కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఆవిణ్ణి కడిగేయాలనీ ఉంది, ఆవిడ చెయ్యి పట్టుకోవాలనీ ఉంది.

రెండు గదుల్లోనూ ఒక్కసారే మోగింది. అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "నువ్వే తియ్యి. నా గొంతు వింటే బెదురుతుంది."

తీశాను.

"అక్కా, ఆవిడ నిజంగానే అన్నారా?"

రిసీవరు అత్తయ్య చేతికిచ్చాను.