ఆవిరి తెల్లబడే చోటు

మా మనుమరాలు సుస్మిత శనివారం పొద్దున కోరుట్ల నుంచి వచ్చింది. ఎంటెక్ చదువుతోంది. అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని కంప్యూటర్ చూస్తూ కూర్చుంది. ముద్ద ముట్టలేదు.

నేను సిరిసిల్లలో సైజింగ్ మిల్లులో ముప్పై ఏండ్లు బాయిలర్ నడిపాను. పడుగు మగ్గానికి ఎక్కే ముందు దానికి గంజి పట్టించి ఆరబెట్టే చోటు అది. చదివింది మూడో తరగతి. మాట తక్కువ.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

తెర మీద రెండు గీతలు చూపించింది.

"గిది నా లెక్క తాతా. ఆవిరి సన్న గొట్టంల ఉరుకుకుంట సల్లవడుతది. మొదటి సినుకు యాడ పుడుతదో లెక్క చెప్తది. గిదేమో ల్యాబుల కొలిచింది. నా లెక్కల కంటె గీడ జల్ది పుడుతుంది. మూన్నెల్లసంది చూస్తున్న, తప్పు దొర్కుతలేదు. సోమవారం సారుకు ఇయ్యాలె."

"ఇప్పుడెట్ల?"

"ఒక్క అంకె జరిపితే రెండు గీతలు కలుస్తయ్. ఎవ్వలకు తెల్వది."

నేను తెర మీది గీతలనే చూస్తూ కూర్చున్నాను.

"ఏమన్న అనరాదు తాతా! మాటకు గజం బట్ట కోసియ్యాల్నా ఏంది నువ్వు?"

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి.

గంజి తొట్టిని కాచే ఆవిరి చల్లారి గొట్టం చివర వేడినీళ్లుగా వస్తుంది. కట్టెలు కలిసొస్తాయని ఒకసారి ఆ నీళ్లను మళ్లీ బాయిలర్‌కే తిప్పాను. తొట్టిలో గొట్టానికి చిల్లి పడిందని నాకు తెలియదు. నీళ్లతోపాటు గంజీ బాయిలర్‌లోకి పోయింది. నీళ్లు మంచివైతే వాల్వు తెరిచినప్పుడు గొట్టం మూతి దగ్గర ఏమీ కనబడదు. జానెడు దూరం పోయాకే ఆవిరి తెల్లబడుతుంది. ఆ రోజు మూతి దగ్గరే తెల్లగా వచ్చింది. చూసి కూడా ఊరుకున్నాను. తడి ఆవిరితో సరిగా ఆరక పడుగంతా మచ్చలు పడ్డాయి. మిల్లు సేటు అడిగితే నూలు మంచిది కాదన్నాను. నూలు తెచ్చిన ఎల్లేశం తిట్లు తిన్నాడు.

"మన ఎల్లేశం తాతేనా?"

"ఆఁ."

సుస్మిత నా చేతి మీద చెయ్యి వేసింది.

"మీ ల్యాబుల బాయిలర్‌కు ఏం నీళ్లు పోస్తరు?" అన్నాను.

"బోరు నీళ్లు..." అని ఆగిపోయింది. "తాతా! బోరు నీళ్ల ఉప్పు ఆవిరితోని కొట్టుకస్తది. దాన్ని పట్టుకొని సినుకు ముందుగాల్నే పుడుతది. నేనేమో వట్టి ఆవిరే అనుకొని లెక్క కట్టిన."

పళ్లెం దగ్గరికి లాక్కుని, చల్లారిన అన్నమే గబగబా తినసాగింది.

సోమవారం సారుకు ఉన్నదున్నట్టు చెప్పి మూడు రోజులు గడువు అడిగిందట. ల్యాబు బాయిలర్ కడిగించి, బ్యాటరీలలో పోసే నీళ్లు పోయించిందట. గురువారం ఫోన్ చేసింది.

"సినుకు దూరం జరిగింది తాతా! నా గీత కాడికే అచ్చింది. గోరంత తేడా ఉన్నది."

"అంకె జరిపినవా?"

"ముట్టలే. నీళ్లే మార్చిన."

ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నాను. రెండు వీధుల అవతల ఎల్లేశం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా, పిల్వకుంటనే అచ్చినవ్?"

"ఒక మాట చెప్పేదున్నది" అన్నాను.

"నువ్వా?" అని నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చాడు.