కట్ చేస్తే లేచినట్టు

పచ్చ బటను మళ్లీ మొండికేసింది. కోడి దాన్ని బొటనవేలితో నొక్కాడు, గోటితో నొక్కాడు, చివరికి పెన్ను మూతతో గట్టిగా అదిమితే అప్పుడు వెళ్లింది ఫోను. అవతల ఇలా మోగిందో లేదో, అలా కట్ అయింది. పెద్దడ్రైవరు లేచాడన్నమాట. కోడి తృప్తిగా తల ఊపి, తర్వాతి నంబరు వెతుక్కున్నాడు.

ఇంకా చీకటి విడలేదు. బస్సు డిపో గేటు పక్కనున్న రేకుల గదిలో, మూడు కాళ్లూ ఒక ఇటుకా ఉన్న బల్ల ముందు కూర్చుని అతను రోజూ చేసే పనే చేసుకుంటున్నాడు. పనంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తెల్లారకముందే బయల్దేరే బస్సుల డ్రైవర్లకు ఒక్కొక్కరికే ఫోను చేసి లేపడం. ఎత్తి మాట్లాడక్కర్లేదు. కట్ చేస్తే లేచినట్టు. కట్ చేయకపోతే ఇంకోసారి మోగుతుంది. అప్పటికీ కట్ చేయకపోతే కోడి సైకిలెక్కి వచ్చి తలుపు బాదుతాడు. దాంతో వీధంతా లేస్తుంది, పెళ్లాం చీవాట్లు అదనం. అందుకని ఎంతటి కుంభకర్ణుడైనా సంగతి అంతదాకా తెచ్చుకోడు. అలారం పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "అలారం పీక నొక్కి మళ్లీ పడుకోవచ్చు, కోడి పీక ఎవడు నొక్కుతాడు" అంటారు డ్రైవర్లు.

అతనికి వేరే పేరు లేకపోలేదు. జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా దాని అవసరం పడలేదు. భార్య కూడా కోపమొస్తే "ఇదిగో కోడిగారూ" అనే పిలుస్తుంది.

నిజానికి పెద్దడ్రైవరుకు లేచి నడపడానికి ఇప్పుడు బస్సేమీ లేదు. రిటైరై చాలా ఏళ్లయింది. రిటైరైన మర్నాడు కోడి అతన్ని లేపడం మానేశాడు. రెండు రోజులు చూసి పెద్దడ్రైవరు డిపోకి వచ్చి, "నన్నెందుకు లేపలేదురా?" అని నిలదీశాడు.

"నీకు బండి లేదుగా అన్నా."

"బండి లేకపోతే తెల్లారదా?"

అప్పటినుంచి మొదటి రింగు మళ్లీ అతనికే.

ఫోనులో నిద్రమొహం అని రాసుకున్నవాడు రెండో రింగుకు కట్ చేశాడు. గడ్డం కట్ చేశాడు. కొత్తపెళ్లికొడుకు వెంటనే కట్ చేశాడు, పాపం నిద్రే పోలేదేమో. ఆ పిలుపులన్నీ పూర్తయ్యేసరికి పెన్ను మూత పగిలింది. ఇక రేపటికి ఈ ఫోను పనికిరాదని తేలిపోయింది.

దానికి కోడి పెద్దగా దిగులుపడలేదు. కూతురు కొత్త ఫోను కొనుక్కుని తన పాతది తండ్రికి ఇచ్చింది. అద్దంలా తళతళలాడే ఆ ఫోను వారం నుంచి ఇంట్లో బట్టల మధ్య పడుకుని ఉంది. చిక్కల్లా సిమ్ముతోనే. కోడి సిమ్ము పాతకాలంది, వెడల్పు. కూతురి ఫోనులో సిమ్ము గూడు చూస్తే చింతగింజంత. డ్రైవర్ల నంబర్లన్నీ ఈ సిమ్ములోనే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, చాలామంది రాత్రుళ్లు ఫోను నోరు మూసి, ఈ ఒక్క నంబరుకే మోగేలా పెట్టుకున్నారు. నంబరు పోతే రేపు తెల్లవారుజాము బస్సులు కదలవు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని మిడిసిపడ్డ ముసలమ్మ సంగతి అతనికీ తెలుసు. తెల్లవారుతుంది సరే, బస్సు కోసం నిలబడ్డవాళ్ల సంగతేమిటి?

తెల్లారాక చేసే రెండో పని, బస్సులు కడగడం, పూర్తిచేసి, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లను చొక్కాకు తుడుచుకుని, ఇంటికెళ్లి కూతురిచ్చిన ఫోను జేబులో వేసుకుని, ముందు సిమ్ముల కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. అదే నంబరుతో చిన్న సిమ్ము ఇస్తారట. కానీ నంబరు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి వచ్చి వేలిముద్ర వేయాలన్నారు. ఆ మనిషి పెద్దడ్రైవరు.

అదెలాగంటే, ఫోన్లు రాకముందు కోడి రోజూ సైకిలు మీదే తిరిగి తలుపులు బాదేవాడు. ఒక వానాకాలం రోడ్డు మీద తవ్విన గోతిలో పడి కాలు విరిగింది. ఇప్పటికీ ఆ కాలు కొంచెం వెనకబడే నడుస్తుంది. వీడి పని అయిపోయింది, ఇంకొకణ్ణి చూసుకోవాలని ఆఫీసులో అనుకున్నారు. మంచం మీద పడుకుని కోడి కూడా అదే అనుకున్నాడు. అప్పటిదాకా ఎదురుపడితే తల ఊపడమే తప్ప మాటల్లేని పెద్దడ్రైవరు ఒక బటన్ల ఫోను పట్టుకుని ఇంటికొచ్చాడు. "కాలు విరిగింది గానీ వేలు విరగలేదు కదరా. పడుకునే లేపు" అన్నాడు. కోడికి చిరునామా కాగితాలు లేవని సిమ్ము తన పేరు మీదే తీసుకున్నాడు. డ్రైవర్లందరి నంబర్లూ అడిగి తనే ఎక్కించాడు. కోడి ఉద్యోగం నిలబడింది. పిల్లలు చదువుకున్నారు. ఆ మనిషి రుణం ఎలా తీరుతుందో కోడికి తెలియదు. రోజూ మొదటి రింగు ఇవ్వడం తప్ప.

పెద్దడ్రైవరు గది మేడ మీద. కోడి వెళ్లేసరికి అతను మంచం మీద దిండుకు ఆనుకుని, కిటికీలోంచి కిందపోయే బండ్లను చూస్తున్నాడు. చేతులు మాత్రం ఇప్పటికీ స్టీరింగు పట్టుకునే మనిషి చేతులే, లావుగా, నిదానంగా.

"అన్నా, చిన్న సంగతి."

"చిన్నదైతే నిలబడి చెప్పు. పెద్దదైతే కూర్చో."

కోడి కూర్చున్నాడు. అంతా విని పెద్దడ్రైవరు, "వేలిముద్రేగా, పద" అని గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఎద ఎగిరెగిరి పడుతోంది.

"ఈ మధ్య మెట్లు ఎక్కువయ్యాయిరా."

కోడి అతన్ని మెల్లగా తీసుకొచ్చి మళ్లీ మంచం మీద కూర్చోబెట్టాడు. "వద్దులే అన్నా. ఫోన్ల షాపులో కత్తిరించి చిన్నది చేస్తారంట. అదే చేయిస్తా."

"పాడవదా?"

"పాడైతే..." అని కోడి ఆగిపోయాడు.

"పాడైతే అప్పుడు దిగుతాలే. మెట్టుకోసారి కూర్చుంటూ దిగితే రేపటికైనా చేరతాం" అని నవ్వాడు పెద్దడ్రైవరు. "కొత్తదాంట్లోంచి మొదటి రింగు నాకియ్యి. నే కట్ చేస్తే సిమ్ము బతికినట్టు."

కోడి లేచాడు గానీ వెళ్లబుద్ధి కాలేదు. "ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదన్నా. ఆ రోజు నువ్వు రాకపోయుంటే నేనేమైపోయేవాణ్ణో."

"ఏ రోజు?"

"కాలు విరిగినప్పుడు."

"అదా. నీ కోసమా ఏంటి? నన్నెవడు లేపుతాడని భయమేసి వచ్చా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అనాల్సిన మాట అనేశానని కోడికి మనసు తేలికైంది. మెట్లు దిగుతుంటే కుంటికాలు కూడా బుద్ధిగా నడిచింది.

ఫోన్ల షాపు అమ్మాయి సిమ్మును వెలుతురులో తిప్పి చూసి పెదవి విరిచింది. "బాగా పాతది బాబాయ్. దీని రేకు పెద్దది. అంచున కత్తెర రేకు మీదే పడుతుంది. పోతే నన్నడక్కూడదు."

"చేతులు వణక్కుండా చూడమ్మా."

"వణుకుతున్నది నీ చేతులు. బల్ల మీంచి తీసెయ్యి."

ఆమె కొత్త సిమ్ము కొలత పెట్టి పెన్నుతో గీత గీసింది. ఒక్కో వైపూ ఊపిరి బిగబట్టి కత్తిరించింది. మందం ఎక్కువైందని వెనకవైపు గరుకు కాగితం మీద రుద్దింది, ఊదింది, గూట్లో పెట్టి చూసింది, తీసి మళ్లీ రుద్దింది. కోడి ఆ వేళ్ల వంకే చూస్తూ, ఇంత చిన్న ముక్క మీద ఇన్నాళ్లూ తన సంసారం ఎలా నిలబడిందా అనుకున్నాడు. చివరికి తెర మీద కంపెనీ పేరు వచ్చింది. నంబర్లన్నీ వచ్చాయి.

"ఎవరికైనా కొట్టి చూడు. నొక్కకు బాబాయ్, తాకితే చాలు."

కోడి పెద్దడ్రైవరు నంబరు తాకి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మోగింది. మోగుతూనే ఉంది. మోగి మోగి దానంతటదే ఆగిపోయింది.

"సిమ్ము పాడైందమ్మా."

"మోగిందిగా?"

"మోగితే ఆయన కట్ చేస్తాడు. కట్ చేయలేదంటే మోగనట్టే."

ఆమె అతన్ని వింతగా చూసి, తన నంబరు చెప్పి కొట్టమంది. బల్ల మీదున్న ఆమె ఫోను వెంటనే మోగింది. కోడి నంబరే తెర మీద పడింది. "ఇదిగో, కట్ చేశా. నీ సిమ్ము నిక్షేపంలా ఉంది" అంది.

సిమ్ము బాగుందని తెలిసి గుండె జారినవాడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. ఇంకోసారి పెద్దడ్రైవరుకు కొట్టాడు. మొత్తం మోగనిచ్చాడు. తర్వాత ఎప్పుడూ చేసే పనే చేశాడు. సైకిలెక్కాడు.

తలుపు బాదే అవసరం రాలేదు, దగ్గరకు వేసి ఉందంతే. పెద్దడ్రైవరు పొద్దున కూర్చున్నచోటే దిండుకు ఆనుకుని ఉన్నాడు. తల కిటికీ వైపు ఒరిగింది. కోడి పక్కన కూర్చుని అతని చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. "అన్నా" అని పిలిచాడు. పొద్దున ఆ మాట చెప్పేశాను, అది విని నవ్వాడు, అదైనా దక్కింది అనుకున్నాడు.

కిందింటావిడ వచ్చి చూసి, కళ్లొత్తుకుని, పెద్దడ్రైవరు కూతురికి కబురు చేసింది. "డిపోవాళ్లకు ఎవరు చెప్తారు?" అంది.

"నేను చెప్తానమ్మా. అందరి నంబర్లూ నా దగ్గరే ఉన్నాయి."

సాయంత్రమైంది. తెల్లవారుజామున వెళ్లినవాళ్లు బండ్లు దిగి ఇళ్లు చేరే వేళ. కోడి మెట్ల మీద కూర్చుని కొత్త ఫోను తీశాడు. ముందు నిద్రమొహానికి కొట్టాడు. కట్ కాలేదు. "ఏమైంది బాబాయ్?" అన్న గొంతు వినిపించింది. ఇన్నేళ్లలో ఫోనులో ఆ గొంతు వినడం అదే మొదటిసారి. తనకు తెలిసిన మాటే అన్నాడు.

"పెద్దడ్రైవరు లేవలేదురా."

గడ్డం ఎత్తాడు. కొత్తపెళ్లికొడుకు ఎత్తాడు. కోడి వేళ కాని వేళ మోగితే ఏదో జరిగిందని అందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఒక్కరు కూడా కట్ చేయలేదు.

చీకటి పడకముందే గది నిండా, మెట్ల నిండా ఖాకీ చొక్కాలు. ఎవరో మంచం పక్కనున్న ముక్కాలిపీటను, దాని మీది స్టీలు గ్లాసుతో సహా జరపబోతే కిందింటావిడ వారించింది. "చెవులు తగ్గాయి ఆయనకి. ఫోను గట్టిగా వినపడాలని రోజూ రాత్రి అలా గ్లాసులో పెట్టుకుని పడుకునేవాడు. ఇవాళ పగలే పెట్టుకున్నాడు, కోడి రింగిస్తాడని" అంది. ఆ మాటలు అందరికీ వినపడలేదు. కాసేపటికి దాహమేసిన డ్రైవరొకడు ఆ స్టీలు గ్లాసును అందుకుని, లోపల నిలబెట్టి ఉన్న ఫోనును చూసి, చప్పుడు కాకుండా మళ్లీ పీట మీద పెట్టేశాడు.